ఐసు పడని 33 రోజులు – నా అనుభవం

మా ఫ్రిజ్‌లో ఐసు పడే చప్పుడు అర్ధరాత్రి కూడా వినిపిస్తుంది. ముందు ఎవరో పళ్ళు నూరినట్టు ట్రే మెలితిరుగుతుంది. తర్వాత డబ్బాలో దబదబా ముక్కలు పడతాయి. ఆ వెనకే జుయ్యిమని నీళ్ళు ఎక్కుతాయి. 2021లో కొన్న కొత్తలో మా మామయ్య ఉలిక్కిపడి లేచి, దొంగలేమోనని వంటింట్లో లైటు వేసి చూశారు. తర్వాత అందరికీ అలవాటైపోయింది. ఎంతగా అంటే, 2024 ఏప్రిల్లో ఆ చప్పుడు తగ్గిపోయినా చాలా రోజులు ఎవరమూ గమనించలేదు.

మాది ఒంగోలు, మంగమూరు రోడ్డు వైపు. కింద అద్దెకిచ్చి పైన మేముంటాం. ఫ్రిజ్ రెండు తలుపులది, నీళ్ళ పైపు వెనక నుంచి నేరుగా కలిపి ఉంటుంది కాబట్టి ట్రేలో మనం నీళ్ళు పోసే పని లేదు. నేను ప్రభుత్వ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాతైతే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

ఏప్రిల్ మూడో వారంలో ఐసు ముక్కలు చిన్నవైపోయాయి. మామూలుగా ఒక్కోటి నిమ్మకాయంత ఉండేది, అది ఉసిరికాయంత అయింది. కొన్ని లోపల డొల్లగా ఉండేవి. నోట్లో వేసుకుంటే పటుక్కుమని విరిగేవి. మా అమ్మాయికి అవే బాగున్నాయట, కరకరలాడుతున్నాయని ఏరుకుని మరీ తినేది. ఎండలు ముదిరాయి కదా, తలుపు ఊరికే తీస్తున్నాం కదా, అందుకేలే అనుకున్నాను. 28వ తేదీ ఆదివారం మధ్యాహ్నం చుట్టాలొస్తే నిమ్మరసం కలిపి డబ్బా లాగాను. అడుగున అంటుకుపోయిన రెండు పెచ్చులు తప్ప ఏమీ లేవు.

సెలవులే కదా, నేనే చూద్దామనుకున్నాను. ఐసు ఆపే బటను ఎవరైనా నొక్కారేమో చూశాను, నొక్కలేదు. డబ్బా నిండిందో లేదో తడిమి చూసే చిన్న చెయ్యి లాంటిది ఒకటుంటుంది, అది పైకి లేచి ఇరుక్కుంటే డబ్బా నిండిందనుకుని మిషను ఆగిపోతుంది. అదీ బాగానే ఉంది. ఫ్రీజరు మైనస్ 18లో ఉంటే మైనస్ 21కి దించాను. ప్లగ్గు తీసి పది నిమిషాలాగి మళ్ళీ పెట్టాను. ఇలా ఏం చేసినా ఒక రోజు ఆగితే గాని ఫలితం తెలియదు, అసలు విసుగు అక్కడే. స్విచ్చి వేస్తే వెలిగే బల్బు కాదాయె. సాయంత్రం ఒకటి మార్చి, మర్నాడు సాయంత్రం డబ్బా లాగి, "లేదు" అనుకుని ఇంకొకటి మార్చడం. నాలుగు రోజులు అట్లాగే పోయాయి.

తర్వాత నీళ్ళ ఫిల్టరు మీద అనుమానం వచ్చింది. ఆరు నెలలకోసారి మార్చమంటారు, మేము ఏడాదిన్నర దాటించాం. ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి తెప్పిస్తే మే 4న వచ్చింది. కొత్త ఫిల్టరు పెట్టాక లోపలి గాలి పోవడానికి ఫ్రిజ్ తలుపు మీదుండే కుళాయిలోంచి కొన్ని లీటర్లు వదలాలని అట్టపెట్టె మీద రాసుంది. చెంబు పెట్టి నొక్కితే దారంలా సన్నగా వచ్చాయి. చెంబు నిండేసరికి వేలు నొప్పి పుట్టింది. కొత్త ఫిల్టరు కదా, బిగుతుగా ఉందేమో అనుకున్నాను. జబ్బు నా చేతిలోని చెంబులోనే కనబడుతోంది, నేనేమో ఫిల్టరు బిగుతంటూ వెళ్ళి టీ పెట్టుకున్నాను.

ఆ కుళాయిని మేమెవరం వాడం, అది మా ఇంటి సంగతి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ వేయించుకుంటాం. మామయ్య ఆ నీళ్ళు కుండలో పోసుకుని కుండ నీళ్ళే తాగుతారు. కాబట్టి అది ఎప్పటి నుంచి అంత సన్నగా వస్తోందో చెప్పగలిగిన మనిషి ఇంట్లో లేరు.

మే 5న కంపెనీకి ఫోన్ చేశాను. 7న వస్తామన్నారు, 9న వచ్చారు. టీషర్టు మీద కంపెనీ పేరున్న కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మంలోనే విడిచాడు. ఐసు మేకరు కింద బటనొకటి ఉంటే మూడు సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. ట్రే గిర్రున మెలితిరిగింది, బోర్లాపడింది, మళ్ళీ లేచింది. వెనక ఎక్కడో జుయ్యిమంది. ట్రేలోకి మాత్రం ఒక్క చుక్క రాలేదు.

"సెన్సర్ పోయింది మేడం. ఐసు మేకర్ మొత్తం సెట్టు మార్చాలి" అన్నాడు. 9,440 రూపాయలు, ట్యాక్సుతో కలిపి. పార్టు బయట నుంచి రావాలి, వారం పడుతుంది, 2,000 అడ్వాన్స్ కడితే ఆర్డర్ పెడతానన్నాడు. చూసి వెళ్ళినందుకు 590 వేరే. కళ్ళెదుట ట్రే తిరిగింది, లేచింది, అయినా అది పోయిందంటే నేనెట్లా నమ్మానో నాకే తెలియదు. ఎలక్షన్ డ్యూటీ ట్రైనింగుకి వెళ్ళాలన్న తొందరలో ఉన్నాను, ఎవరో ఒకరు ఇదీ జబ్బని చెబితే చాలనిపించింది. రెండు వేలు ఫోన్‌లో కొట్టేశాను.

12న సామాన్లు తీసుకుని పోలింగు కేంద్రానికి వెళ్ళి, 13న ఓట్ల పని ముగించుకుని, పెట్టెలు అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి తెల్లవారుజాము మూడైంది. ఒళ్ళంతా ఉప్పు తేలి ఉంది. ఫ్రిజ్ తీసి, అలవాటు చొప్పున ఐసు డబ్బా లాగాను. ఖాళీ. ఆ వేళప్పుడు ఆ ఖాళీ డబ్బాను చూసి నాకు ఏడుపొచ్చింది. రెండు రోజులు రేకుల గదిలో చెమటలు కక్కినా రాని ఏడుపు.

వారం దాటింది, పార్టు లేదు. ఫోన్ చేస్తే "ఎలక్షన్ల వల్ల బండ్లు ఆలస్యం మేడం" అన్నారు. ఓట్లయి నాలుగు రోజులైందంటే "కౌంటింగు కాలేదు కదా మేడం" అన్నారు. నా ఐసుకూ జూన్ 4 కౌంటింగుకీ ఏం సంబంధమో అడగలేకపోయాను.

మే 18న మా ఆయన కొత్తపట్నం బస్టాండు దగ్గర షాపు పెట్టుకున్న మెకానిక్కుని తీసుకొచ్చారు. ఇతను ట్రేని పట్టించుకోలేదు. దాని వెనక, పైనుంచి వేలెడు లావు తెల్ల పైపొకటి లోపలికి దిగుతుంది, ట్రేలోకి నీళ్ళు అందులోంచే పడతాయి. టార్చి వేసి దాంట్లోకి చూసి, నన్ను పిలిచి చూపించాడు. పైపు మూతి నిండా ఐసు బిగిసిపోయి ఉంది.

"నీళ్ళొచ్చే దారే గడ్డకట్టుకుంది అక్కా, ఇంక ట్రేలోకి ఏడనించి పడతాయి?"

హెయిర్ డ్రయ్యరు అడిగాడు. మా అమ్మాయిది ఇచ్చాను. ప్లాస్టిక్కు వంకరపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, దూరం నుంచి పావుగంట వేడి గాలి పట్టాడు. సర్రున జారింది చూడండి, పుల్ల ఐసులోంచి పుల్ల తీసేసినట్టు నున్నటి ఐసు కడ్డీ, చూపుడువేలంత. మా అమ్మాయి దాన్ని గిన్నెలో వేసుకుని కరిగిపోయేదాకా చూస్తూ కూర్చుంది. 600 తీసుకున్నాడు. మర్నాడు సాయంత్రానికి ఐసు పడింది. చిన్నవే, డొల్లవే, కానీ పడ్డాయి. పార్టు వద్దని కంపెనీకి ఫోన్ చేశాను. ఆర్డర్ వెళ్ళిపోయింది, ఆపడం కుదరదన్నారు.

నాలుగు రోజులే ఆ సంబరం. 23న మళ్ళీ బంద్. టార్చి వేసి చూస్తే పైపులో మళ్ళీ కడ్డీ.

25న రోహిణి కార్తె మొదలైంది. మధ్యాహ్నం కుళాయి తిప్పితే టీ పెట్టుకునేంత వేడి నీళ్ళు. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. ఆ నల్లరాళ్ళ మధ్య నుంచి వచ్చిన మనిషికి మజ్జిగలో నాలుగు ఐసు ముక్కలు లేకపోతే మాట పెగలదు. కూల్‌డ్రింకు షాపులో ఐసు ప్యాకెట్టు 40 రూపాయలు, రోజు విడిచి రోజు కొన్నాం. ఒకరోజు ఆయనే ఎవరినో పట్టుకుని ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలో సగం, రంపపు పొట్టేసి గోతంలో చుట్టించి తెచ్చారు. రొయ్యల పెట్టెల్లోకి వెళ్ళాల్సిన సరుకది. విప్పగానే ఇల్లంతా కొత్తపట్నం సముద్రపు ఒడ్డు వాసన. మజ్జిగలోకి అదెట్లా వేస్తాం? బకెట్లో పెట్టి మామయ్య మంచం ముందుంచి ఫ్యాను తిప్పాం. ఆ పూట ఆయన ఒక్కరే హాయిగా నిద్రపోయారు.

29వ తేదీ బుధవారం, కింద అద్దెకున్నవాళ్ళ ఆర్‌వో మిషను సర్వీసుకి ఒకబ్బాయి వచ్చాడు. పని అయ్యాక చేతులు కడుక్కోవడానికి మా పైకి పంపారు, కింద నీళ్ళు కట్టేసి ఉన్నాయని. చేతులు కడుగుతూ, తలుపు తీసి ఉన్న సింకు అరలోకి వంగి చూసి అడిగాడు.

"ఈ పంపు వాడట్లేదా మేడం? లైటు వెలగట్లేదేంది?"

ఏ పంపు అన్నాను. బియ్యం డబ్బా, దాని వెనక పాత కుక్కరు, దాని వెనక కొబ్బరి చిప్పల సంచి. వాటన్నిటి వెనక గోడకి బిగించి, పిడికిలి కంటే కొంచెం పెద్దగా, తెల్ల గొట్టాలు తగిలించిన చిన్న పంపు. ఆర్‌వో మిషన్లలో ఉండేలాంటిదే. 2021లో ఫ్రిజ్ బిగించిన మనిషి పెట్టి వెళ్ళాడు. నీళ్ళు తోయడానికి ఏదో పెడుతున్నానని అప్పుడు అన్నది ఇప్పుడు గుర్తొస్తోంది. దాని అడాప్టరు ప్లగ్గులోనే ఉంది, మీద పచ్చ లైటు మాత్రం లేదు. ఆ అబ్బాయి దాన్ని ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, నాకూ వాసన చూపించాడు. కాలిన వాసన, సన్నగా.

అప్పుడు తట్టింది. ఏప్రిల్ 8, ఉగాది ముందు రోజు రాత్రి, మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. కరెంటు వచ్చి పోయి, వచ్చి పోయి, చివరికి తెల్లారి నాలుగింటికి నిలబడింది. మర్నాడు టీవీ సెట్‌టాప్ బాక్సు పనిచేయకపోతే దాని అడాప్టరు కొత్తది కొన్నాం. పండగ పూట టీవీ లేకపోతే ఊరుకుంటామా. ఫ్రిజ్‌కి స్టెబిలైజరు ఉంది కాబట్టి అది నిక్షేపంగా ఉంది. దానికి నీళ్ళందించే ఈ బుడ్డ పంపుకి స్టెబిలైజరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

లెక్క వేస్తే సిగ్గేసింది. మా ట్యాంకు డాబా మీదే ఉంది, సింకు కింద దాకా కొలిస్తే పన్నెండు అడుగులు. పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబడితే గాని ఒక బార్ ఒత్తిడి రాదు. ఎనిమిదో తరగతికి ఏటా నల్లబల్ల మీద నేను రాసే మాటే అది. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం తీసి చూస్తే కనీసం 20 పీఎస్‌ఐ ఒత్తిడి ఉండాలని ఉంది. పీఎస్‌ఐ కూడా ఒత్తిడి కొలతే, పద్నాలుగున్నర అయితే ఒక బార్. అంటే ట్యాంకు దాదాపు 14 మీటర్ల ఎత్తున ఉండాలి. మా పన్నెండడుగులకి అయిదు వస్తే గొప్ప.

మామయ్యకు చెప్పాను. కుండలోంచి గ్లాసు ముంచుకుంటూ, "పిల్లలకు ప్రెజరు పాఠం చెప్పేది నువ్వే గదా అమ్మాయ్" అన్నారు. అంతకంటే ఇంకేమీ అనలేదు, అదే నయం.

24 వోల్టుల అడాప్టరు, ఆ అబ్బాయి బండి పెట్టెలోనే ఉంది. 380 రూపాయలు. బిగించినందుకు వంద ఇస్తే తీసుకున్నాడు. ప్లగ్గులో పెట్టగానే పచ్చ లైటు వెలిగింది, పంపు సన్నగా గుర్రుమంది. తలుపు కుళాయి కింద స్టీలు గ్లాసు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూసుకుంటూ నొక్కాను. పది సెకన్లకి గ్లాసు ముప్పాతిక నిండింది. పొద్దున అదే గ్లాసుతో చూసుంటే అడుగు తడిసేదేమో.

ఇంత జరిగినా ఐసు రాలేదు. పైపులో కడ్డీ అట్లాగే ఉంది కదా మరి. "ఫ్రిజ్ లోపలిది నా పని కాదు మేడం" అని ఆర్‌వో అబ్బాయి వెళ్ళిపోయాడు. 30న మళ్ళీ కొత్తపట్నం బస్టాండు మెకానిక్కుకే ఫోన్ చేశాను. వచ్చాడు, పంపు సంగతి విన్నాడు, నుదురు కొట్టుకున్నాడు. "నేను ఎనకమాల పైపు ఊడదీసి చూసుండాల్సింది అక్కా" అన్నాడు. తప్పు ఒప్పుకున్న మెకానిక్కుని నేను చూడటం అదే మొదలు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కడ్డీ ఎందుకు మళ్ళీ మళ్ళీ కట్టిందో అతనే చెప్పాడు. ఫ్రిజ్ వెనక వాల్వు ఉంటుంది, కరెంటు రాగానే తెరుచుకుని నీళ్ళు వదులుతుంది. అది తిరిగి గట్టిగా మూసుకోవాలంటే వెనక నుంచి నీళ్ళ తోపు ఉండాలట. తోపు లేకపోతే మూసుకున్నట్టే ఉంటుంది గాని బొట్టు బొట్టుగా కారుతుంది. ఆ బొట్లు ట్రే దాకా పోకుండా పైపు మూతిలోనే గడ్డకడతాయి. ముక్కలు చిన్నవవడం, డొల్లవవడం, చివరికి అసలు ఆగిపోవడం, మూడూ ఆ వరసలో వచ్చినవే.

వాల్వు ఊడదీస్తే లోపల చిన్న జాలీ తెల్లగా సున్నం పట్టి ఉంది. మా వీధికి మున్సిపల్ నీళ్ళు రానిరోజు మోటారేసి బోరు నీళ్ళు కూడా అదే ట్యాంకుకి ఎక్కిస్తాం. ఒంగోలు బోరు నీళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, బకెట్టు అంచు చూస్తే తెలుస్తుంది. వాల్వు మార్చమంటాడేమో, ఇంకో రెండు వేలు అనుకున్నాను. అతను నిమ్మకాయ అడిగాడు. రెండు కాయలు పిండి జాలీని అందులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే మెరిసింది. మళ్ళీ బిగించి, ట్రే వైపు వెళ్ళే పైపు కొసకి టిష్యూ కాగితం చుట్టి, పంపు ఆన్‌లోనే ఉంచి పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. కాగితం పొడిగానే ఉంది. "వాల్వు గట్టిదే అక్కా, మార్చబాక" అన్నాడు. డ్రయ్యరుతో కడ్డీ తీసేసి, బటను నొక్కాడు. ట్రే తిరిగింది, జుయ్యిమంది, ఈసారి నీళ్ళు పడ్డాయి. 400 తీసుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచం మీద నుంచే చెవులు అటు పెట్టాను. మర్నాడు, 31 తెల్లవారుజామున ఎప్పుడో, పళ్ళు నూరిన చప్పుడు, ఆ వెంటనే దబదబా. మామయ్య గదిలోంచి "పడింది, పడింది" అని కేక. ఆయనా మేలుకునే ఉన్నారన్నమాట.

మొదటి రెండు డబ్బాల ఐసు వాడొద్దన్నాడు మెకానిక్కు, పైపులో కదిలిన సున్నం ఉంటుందని. పారబోయడానికి మనసొప్పక ఎయిర్ కూలర్లో పోశాం. ఆ రెండు రోజులు హాల్లో కూర్చోవడానికి ఇంట్లో పోటీ.

ఖర్చు కాగితం మీద వేసి చూశాను. ఫిల్టరు 1,850, కంపెనీ కుర్రాడికి 590, మొదటి డ్రయ్యరు పనికి 600, ఐసు ప్యాకెట్లకి, దిమ్మకి కలిపి 740. ఇవన్నీ వృథా. ఫిల్టరు ఎటూ మార్చాల్సిందే కదా అని మా ఆయన అంటారు గాని, నేను వృథా కిందే వేశాను. అసలు పనికొచ్చింది అడాప్టరుకి 380, బిగించినందుకు 100, చివరి రోజు 400. మొత్తం 880.

ఇప్పుడు సింకు అరలో బియ్యం డబ్బా లేదు. పొద్దున్నే పాలగిన్నె తీసేటప్పుడు వంగి పచ్చ లైటు చూస్తాను. నెలకోసారి స్టీలు గ్లాసు పెట్టి పది సెకన్లు నొక్కుతాను. పంపు ప్లగ్గుకి కూడా చిన్న స్టెబిలైజరు పెడదామంటే మా ఆయన నవ్వుతున్నారు, ఇంకా తేలలేదు.

ఇక ఆ అడ్వాన్స్. జూన్ 14న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, బడి తెరిచిన రెండో రోజు, నేను క్లాసులో ఉన్నాను. "మేడం, మీ ఐసు మేకర్ వచ్చేసింది, మనిషిని పంపమంటారా?" వద్దన్నాను. డబ్బులు వెనక్కి అడిగితే పది రోజుల్లో పడతాయన్నారు. జూలై 3న 1,410 పడ్డాయి. మిగతా 590 ఏవంటే చూసి వెళ్ళిన చార్జీ కింద పట్టుకున్నామన్నారు. అది ఆ రోజే కట్టానని బిల్లు ఫొటో తీసి పంపాను. "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అని మెసేజి వచ్చింది, ఆ తర్వాత రోజూ అదే మెసేజి వస్తోంది.